మొదటి చేద నీళ్ళు

బావా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. పొద్దున్నే మెయిలొచ్చింది, నీ కిడ్నీ జబ్బు పేపరుని మళ్ళీ ఎవరో తమ పేపర్లో ఉదహరించారట. ఒళ్ళు మండిపోయింది. ఒకే ల్యాబులో పక్కపక్కనే పనిచేశాం. నా పేపర్లు బోలెడు, అడిగే నాథుడు లేడు. ఉద్దానం నూతినీళ్ళ మీద నువ్వు రాసింది ఒక్కటే!

ఆ కడుపుమంటతోనే నూతినీళ్ళ శాంపిల్ కోసం ఉద్దానంలోని పూండి వెళ్ళాను. నువ్వెప్పుడూ చెప్పే ముసలమ్మ సీసా పట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"ఆ బాబు రాలేదేటి? పెతీ సోమారం మొదటి సేద నీళ్ళు ఆ బాబుకే అట్టేపెడతన్నాను."

నాకిమ్మన్నాను.

"ఆ బాబొత్తే ఇత్తాను" అంది.

నువ్వు లేవని చెబితే ఇచ్చేసేది.

"వచ్చే సోమవారం వస్తాడమ్మా" అని, ఉత్త చేతుల్తో బస్సెక్కాను.