తప్పెవరిదని అడగరట!

ట్రాయ్,
అక్టోబరు 1978

చిరంజీవి నళినికి, మండిపడుతున్న నాన్న దీవించి రాసేది.

మీ అన్నయ్య కారు వెనకభాగం చితికిపోయింది. ముందు ఊపిరి పీల్చుకో, వాడికీ నాకూ ఏమీ కాలేదు. ఎర్రదీపం దగ్గర బుద్ధిగా ఆగి ఉంటే వెనకనుంచి ఒక కుర్రవాడు వచ్చి ధబీమని గుద్దాడు. దిగి, "సారీ సార్, తప్పు నాదే" అని తన నోటితో తనే ఒప్పుకున్నాడు. పక్కన కూర్చున్న సాక్షిని నేను. ప్రతివాదే ఒప్పుకున్నాక ఇక కేసేముంటుంది?

అయినా పైసా రాదట! ఈ మిషిగన్ రాష్ట్రంలో 'నో ఫాల్ట్' అని ఒక చట్టం ఉందట. తప్పెవరిదని అడగరట. ఎవరి బండి వాళ్ళే బాగు చేయించుకోవాలట. దానికి కొలిజన్ ఇన్సూరెన్స్ అని విడిగా కొనుక్కుని ఉండాలట. మొన్న మీ అన్నయ్య కృష్ణమోహన్ పాలసీ తీసుకునేటప్పుడు నేనే చెప్పాను: "ఒరే, చట్టం తప్పనిసరి అన్నవి కొను. ఇష్టమైతే తీసుకో అన్నది దండగ. నువ్వు జాగ్రత్తగా నడుపుతావు. ఎదుటివాడు గుద్దితే వాడి మెడలు వంచి కట్టిద్దాం." ఇందులో తప్పేముందో నువ్వే చెప్పు. నరసరావుపేట మునసబు కోర్టులో ఇన్నేళ్ళు ప్లీడరీ చేశాను. తప్పెవరిదో తేల్చనిది కూడా ఒక చట్టమేనా?

వాడు అతుకులేసిన ఆ బండిలోనే ఫ్యాక్టరీకి పోతున్నాడు.

నాన్న, అనంతరామయ్య


ఎడిసన్

ప్రియమైన నాన్నగారికి,

మీ ఉత్తరం విప్పగానే సెగ తగిలింది. ఈయనకి చదివి వినిపిస్తే, "మామయ్యగారిని మిషిగన్ అసెంబ్లీకి పంపాలి" అని ఒకటే నవ్వు.

రాష్ట్రానికో రూలు నాన్నా ఇక్కడ. మా న్యూజెర్సీలో అయితే బండి రిపేరు గుద్దినవాడి కంపెనీయే కట్టాలి. అలాగని మురిసిపోకండి, మా ప్రీమియం చూస్తే మీకు కళ్ళు తిరుగుతాయి. మీ దగ్గర మనిషికి దెబ్బ తగిలితే మాత్రం తప్పెవరిదైనా సరే, ఆసుపత్రి ఖర్చంతా ఇన్సూరెన్సే పెట్టుకుంటుందట. కోర్టూ లేదు, వాయిదాలూ లేవు. మన సీతమ్మత్తయ్యని బస్సు గుద్దినప్పుడు కేసు వాదించింది మీరే కదా. గెలిచారు కూడా. ఆ డబ్బు చేతికొచ్చేనాటికి అత్తయ్య ఉందా?

ఇక బండి సంగతంటారా, పోనివ్వండి. అన్నయ్య రిపేరు చేయించుకుంటాడులెండి. చలి మొదలైంది, స్వెట్టర్ లేకుండా వరండాలో కూర్చోకండి.

మీ నళిని


ట్రాయ్

చిరంజీవి నళినికి,

బాగుందమ్మా, చాలా బాగుంది. కన్నకూతురు కూడా అవతలి పక్షమే! సీతమ్మ కేసు ఎత్తి నా నోరు మూయించాలనుకున్నావు. ఆలస్యమైతే అయింది, ఆ బస్సువాడి తప్పని జడ్జి నిండు కోర్టులో చెప్పాడు. ఆ మాటకి విలువ లేదా? ఒకడు గుద్దితే ఇంకొకడు చెంపలు వేసుకోవడం ఏ ఊరి న్యాయం?

ఫోన్‌లో ఆ ఇన్సూరెన్స్ ఏజెంటు "అవునండి, అర్థమైందండి" అంటాడే తప్ప పని జరగదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితేగాని లాభం లేదు. వాడి ఆఫీసు బిగ్ బీవర్ రోడ్డుకి అవతలే. రేపు కృష్ణమోహన్ ఫ్యాక్టరీకి వెళ్ళగానే బయలుదేరతాను. కారు లేకపోతేనేం, కాళ్ళున్నాయి కదా. వాడికి చెప్పడం లేదు, వద్దంటాడు.

నాన్న


ఎడిసన్

ప్రియమైన నాన్నా,

అన్నయ్య ఫోన్ చేశాడు. మిమ్మల్ని కారు గుద్దిందనీ, తొడ ఎముక విరిగి ఆపరేషన్ అయిందనీ చెబుతుంటే మధ్యలోనే ఆపి ఫోన్ మీకిమ్మన్నాను. ఫోన్‌లో మీ గొంతు మందుల మత్తులో తేలిపోయింది. శనివారం వచ్చేస్తున్నాను, ఈలోగా ఇది చదవండి.

ఎవరు నాన్నా ఆ అమ్మాయి? కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడిపిందా? పగటిపూట రోడ్డు దాటుతున్న పెద్దమనిషి కనపడలేదా? మీరు విజిటర్‌గా వచ్చారు, హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. ఈ ఆసుపత్రి బిల్లుకి అన్నయ్య ఇల్లు అమ్ముకోవాలా? లాయరుని చూడమన్నాను. అన్నయ్యేమో నసుగుతున్నాడు. దాన్ని వదిలేది లేదు! మీరన్నదే నిజం నాన్నా, తప్పు చేసినవాళ్ళ చేత కట్టించాల్సిందే.

మీ నళిని


ట్రాయ్, ఆసుపత్రి నుంచి

నా తల్లి నళినికి,

నువ్వు లాయరుని పెట్టావంటే నేను అవతలి పక్షం సాక్షిని. ఆ అమ్మాయిని ఒక్క మాట అనకు.

తప్పు నాది. మన ఊళ్ళో లాగా కుడివైపు చూసి, బండ్లేవీ లేవని రోడ్డు మీదికి దిగాను. ఇక్కడ ఎడమవైపునుంచి వస్తాయి. పాపం, ఆ పిల్ల బ్రేకు తొక్కింది కాబట్టే ఇవాళ ఈ ఉత్తరం రాస్తున్నాను. అంబులెన్స్ వచ్చేదాకా తన కోటు విప్పి నామీద కప్పి, చలికి వణుకుతూ ఏడుస్తూనే ఉంది.

నిన్న ఆమె కారు ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి వచ్చాడు. మంచంమీద లేచి కూర్చుని, "ఫాల్ట్ ఈజ్ మైన్, రాసుకోండి" అన్నాను. "అది మాకు అక్కర్లేదు సార్, ఆసుపత్రి ఖర్చు మేమే కడతాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు ఒప్పుకుంటున్నానయ్యా మహానుభావా అంటే, వినిపించుకోకుండా పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు! నేను కోరిన న్యాయమే ఇక్కడ ఉంటే నాకు దమ్మిడీ వచ్చేది కాదు, మీ అన్నయ్య ఇల్లు కచ్చితంగా పోయేది.

వాడు వెళ్ళాక కృష్ణమోహన్ పక్కన కూర్చుని నాకు పెరుగన్నం తినిపించాడు. కొలిజన్ వద్దని వాడి కారుకి దిక్కు లేకుండా చేసింది నేను. చెప్పకుండా రోడ్డెక్కి కాలు విరగ్గొట్టుకున్నదీ నేనే. వాడు ఆ రోజూ ఏమీ అనలేదు, ఈ రోజూ ఏమీ అనలేదు. "ఇంకో ముద్ద తినండి నాన్నా" అన్నాడంతే. నాకు ఏడుపొచ్చింది.

పోలీసు ఏమీ అనలేదు, కంపెనీ అనలేదు, ఆ పిల్ల అనలేదు, వాడూ అనలేదు. ఇలాగైతే నేను బతకలేనమ్మా. శనివారం వస్తున్నావుగా, నువ్వైనా నన్ను గట్టిగా తిట్టు.

నాన్న