జపాన్ పోస్ట్‌మన్ సంచి

హన్మకొండ
12-7-1987

ప్రభువునందు ప్రియమైన తాతకు మనుమడు ఇమ్మానుయేలు వందనాలు.

నేనిక్కడ క్షేమం. హాస్టల్ పప్పు కూడా క్షేమమే, జూన్ నుంచి అదే పప్పు ఉన్నట్టుంది. మా పాలిటెక్నిక్ ఫస్టియర్ రిజల్ట్స్ వచ్చాయి. నా గురించి ఫికర్ పెట్టుకోవద్దు.

అసలు సంగతి వేరే ఉంది. ట్రైనింగుకు జపాన్ పోయొచ్చిన మా సారు ఒక వీడియో క్యాసెట్ తెచ్చారు. కిరాయి టీవీ పెట్టి హాస్టల్ వాళ్లమంతా చూశాం. బొమ్మల సినిమా, గీసిన బొమ్మలే నడుస్తాయి, మాట్లాడతాయి. మాట ఒక్కటి అర్థం కాలేదు గానీ నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. అందులో ఒక లావుపాటి పోస్ట్‌మన్. ఒక ముసలమ్మకు చెడ్డ కబురు మోసుకొచ్చిన ఉత్తరం ఆయన సంచిలో ఉంటుంది. ఇవ్వడానికి ధైర్యం చాలదు. రోజూ పోతాడు, ఉత్తరం ఇవ్వకుండా ఆమెకేదో పని చేసి వస్తాడు. కట్టెలు కొడితే గొడ్డలి పిడి ఊడి నెత్తి మీద పడుతుంది. ఇల్లు కప్పబోయి కప్పులోంచి ఆమె పులుసు గిన్నెలో పడతాడు. నవ్వుతూనే ఉన్నా గుండె కలుక్కుమంది తాతా. చెడ్డ కబురు ఎన్ని రోజులు మోస్తే అంత బరువెక్కుతుందని నాకు తెలిసివచ్చింది. సగంలో ఆ క్యాసెట్ మీద ఎవరిదో పెళ్లి రికార్డయింది. పోస్ట్‌మన్ పోయి పెళ్లికొడుకు వచ్చాడు. చివరికి ఏమైందో తెలియదు.

ఇట్లు,
నీ మనుమడు ఇమ్మానుయేలు

తా.క.: పెళ్లి భోజనాలు కూడా ఉన్నాయి. హాస్టల్ పిల్లలు వాటిని రెండుసార్లు తిప్పి చూశారు.

•

ఇంటి నుంచి
17-7-1987

చిరంజీవి ఇమ్మానుయేలుకు తాత దేవదానం, బాపమ్మ రత్నమ్మ దీవెనలు.

నా కండ్లద్దాలు పగిలాయి. నీ చీమకాళ్ల రాత నా వల్ల కాక, ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మన్ కట్టయ్యతోనే చదివించాను. ఈ వారం ఉత్తరాలు లేకున్నా రోజూ వస్తున్నాడు, మీ బాపమ్మ చాయ్ మహిమ కావచ్చు. ఆయన గొంతు నీకు తెలుసు గదా, చావు టెలిగ్రామ్ కూడా పెళ్లి పిలుపు లెక్క చదువుతాడు. అట్లాంటివాడు నీ ఉత్తరంలో కట్టెలు కొట్టే దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. మొఖం తెల్లబోయింది. "ఈ ముచ్చట పిలగానికి ఎవలు చెప్పిన్రు?" అన్నాడు. జపానోళ్ల బొమ్మలు అంటే వినడు. ఇది తననే అన్నట్టున్నదని చాయ్ తాగకుండా పోయాడు. మీ బాపమ్మేమో ఆ ముసలమ్మకు పిల్లలున్నారా లేరా అని నన్ను తినేస్తోంది.

రిజల్ట్స్ వచ్చాయన్నావు, ఫికర్ వద్దన్నావు, అంటే పాసయ్యావు. మన ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడివి. ఆగస్టు మూడో ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించాను. నువ్వొచ్చి అందరి ముందు సాక్ష్యం చెప్పాలి.

ప్రభువు నిన్ను కాచును గాక.
తాత

తా.క.: కొత్త అద్దాలు పంపు. కూడికకు మన ఎర్ర పుంజును అనుకున్నాం. దానికింకా చెప్పలేదు.

•

హన్మకొండ
22-7-1987

ప్రియమైన తాతకు వందనాలు.

అద్దాలు పంపుతున్నాను. కట్టయ్య మామను నేను ఎందుకంటాను? ఆ జపాన్ పోస్ట్‌మన్ కూడా చెడ్డవాడు కాదని చెప్పు. ముసలమ్మ బాధపడుతుందనే దాచాడు. ఆమెకు పిల్లలున్నారో లేరో తెలిసే లోపల పెళ్లికొడుకు అడ్డం వచ్చాడని బాపమ్మకు చెప్పు.

కూడిక ఇప్పుడే ఎందుకు తాతా? నాట్ల కాలం, అందరూ పొలాల్లో ఉంటారు. క్రిస్మస్ దాకా ఆగితే ఏం పోతుంది?

ఇట్లు,
ఇమ్మానుయేలు

తా.క.: ఎర్ర పుంజు ఎట్లుంది?

•

ఇంటి నుంచి
28-7-1987

చిరంజీవి మనుమనికి దీవెనలు.

అద్దాలు అందాయి. ఇప్పుడు కాగితం మీద ఏమున్నా కనిపిస్తోంది. కట్టయ్య అలక తీరింది. సైకిల్ దిగకముందే ఉత్తరం చేతిలో పెడుతున్నాడు.

మొన్న ఆదివారం ప్రార్థన విన్నపాలు అడిగితే మీ బాపమ్మ లేచి, జపాన్‌లో ఒక పోస్ట్‌మన్ ఉన్నాడు, పాపం ఆయనకు ధైర్యం ఇమ్మని అడగండి అన్నది. సంఘమంతా మోకరించాం. జపాన్ ఏ మండలంలోకి వస్తుందని భద్రమ్మ అడిగింది. ములుగు దాటినాక అని చెప్పి ఊరుకోబెట్టాను.

కూడిక ఆగదు. ఆదివారం నాట్లు మనవాళ్లెవరూ వెయ్యరు. అన్నట్టు నా గొడుగు పుల్లలు విరిగాయి, బస్సు డ్రైవరుకిచ్చి పంపాను, బాగుచేయించు. కాశిబుగ్గలో నేసే దుప్పటి ఒకటి బాపమ్మకు కావాలట.

తాత

తా.క.: పుంజుకు గింజలు ఎక్కువ పెడుతున్నాం. దానికి అనుమానం వచ్చినట్టుంది.

•

హన్మకొండ
2-8-1987

తాతా, వందనాలు.

గొడుగు, దుప్పటి బస్సులో పంపాను. నువ్వు అడిగిందల్లా పంపుతుంటే ఆ పోస్ట్‌మన్ ఇల్లు కప్పినట్టే ఉంది నాకు. ఇంక నా వల్ల కాదు. నేను మ్యాథ్స్‌లో ఫెయిలయ్యాను. పదకొండు మార్కులు వచ్చాయి. ఆ సినిమా చూసిన రోజే చెప్పేద్దామని కూర్చున్నాను, రాస్తూ రాస్తూ పోస్ట్‌మన్ చాటున దాక్కున్నాను. నా కోసం చర్చంతా మోకరించింది, ఆ సంగతి వాళ్లకు తెలియదు. వాళ్ల ముందు నిలబడి అబద్ధ సాక్ష్యం చెప్పలేను.

సెప్టెంబర్‌లో మళ్లీ రాస్తాను. ఎంత తిట్టినా పడతాను, చదువు మాత్రం మాన్పించకు తాతా.

ఇట్లు,
ఇమ్మానుయేలు

తా.క.: పుంజును వదిలిపెట్టండి. దాని తప్పేం లేదు.

•

ఇంటి నుంచి
7-8-1987

నా బంగారు ఇమ్మానుయేలుకు తాత దీవెనలు.

నీ పదకొండు మార్కులు నాకు జూలై నెలలోనే తెలుసు. మీ కాలేజీ వాళ్లు కార్డు మీద రాసి పంపారు. కార్డు గదా, కట్టయ్య చదివాడు. నా చేతికివ్వడానికి ఆయనకు మనసు రాలేదు. అయిదు రోజులు సంచిలో పెట్టుకొని తిరిగాడు. రోజూ వచ్చి మీ బాపమ్మకు కట్టెలు కొట్టి పోయాడు. ఈయనకు మా మీద ఇంత ప్రేమేందని నేనూ అనుకున్నాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది, ఆయన చేతే చదివించాను. నేను నీకు జవాబు పోస్టు చేసిన తెల్లారి ఆ కార్డు తెచ్చి నా ముందు పెట్టి, "జపాన్ దాకా తెల్సినంక ఇగ దాచుడెందుకు?" అన్నాడు. నీ కార్డును నీ బొమ్మల సినిమానే ఇంటికి చేర్చింది.

మిషన్ దొరసాని ఉన్న కాలంలో ఊరూరు తిరిగి, దీపం ముందు గాజు బొమ్మల పలకలు తిప్పి తెర మీద బైబిలు కథలు చూపినవాడిని నేను. బొమ్మ చాటున మనిషి కనపడడా? మొదటి రోజు కోపమొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు. రెండో రోజు గొడుగు గుర్తొచ్చింది. నువ్వింకో నెల దాచితే టేబుల్ ఫ్యాను కూడా వచ్చేది, తొందరపడ్డావు.

చదువెందుకు మాన్పిస్తాను? నేను నాలుగో తరగతి మూడేళ్లు చదివాను. కూడిక మాత్రం ఆగదు. వచ్చి పదకొండు అని గట్టిగా చెప్పు, జపాన్ పోస్ట్‌మన్‌కు ధైర్యమొచ్చిందని సంఘం సంతోషిస్తుంది. నీ క్యాసెట్లో లేని చివరి భాగం నేను చూశాను, రాస్తున్నా విను. కార్డు చదివి వినిపిస్తే మీ బాపమ్మ మార్కుల మాట ఎత్తనే లేదు. "పిలగాడు అన్నం తింటాండో లేదో" అన్నది.

తాత

తా.క.: పుంజును మేం వదల్లేదు. అదే పోయింది.

మళ్లీ తా.క. (కట్టయ్య రాస్తున్న): ఇమ్మానుయేలూ, అసొంటి ముచ్చట్లు కవర్ల పెట్టి అంటియ్యమని మీ కాలేజోళ్లకు జర చెప్పు. కార్డయితే కండ్లు వాటంతటవే పోతయి. సెప్టెంబర్‌ల పాసైతే ఆ కబురు సైకిల్ మీద ఉరికిచ్చుకుంట తెస్త. కాకపోతే ఫికర్ లేదు, మీ బాపమ్మ అప్పుడే గొడ్డలి నూరిపిచ్చి పెట్టింది.