విరిగిన లైన్లు

నన్నెప్పుడూ వెనకేసుకొచ్చే అక్కకు,

ఫోన్ ఎత్తడం లేదని కోప్పడకు. నీ గొంతు వింటే ఈ మాట చెప్పలేను. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పెద్ద డాక్టరుగారు లోపలున్నారు. బావ వ్యానులోంచి మందుల పెట్టెలు దింపి వెళ్లేలోగా ఈ కాగితం బావ చేతిలోనే పెట్టాలి.

గుండెకు అమర్చే పేస్‌మేకర్లలో ఒక బ్యాచ్‌కి బ్యాటరీ ముందే అయిపోతోందని కబురొచ్చింది. అవి పెట్టించుకున్నవాళ్లందరినీ పిలిపించాలి. ఆరేళ్ల రికార్డులు ఒకే టెక్స్ట్ ఫైల్లో ఉన్నాయి, మనిషికొక లైను. రోగి నంబరుతో మొదలై, ఆ బ్యాచ్ నంబరు కూడా ఉన్న లైన్లన్నీ ఏరిపెట్టమని ఫైళ్లలో మాటలు వెతికిపెట్టే గ్రెప్ ప్రోగ్రాముకి ఒక్క కమాండు ఇచ్చాను. రెప్పపాటులో నూట పన్నెండు పేర్లొచ్చాయి. "నలుగురు నాలుగు రోజులు చేసే పని" అని డాక్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. సరిచూడలేదు.

ఈ ఉదయం ఒక వడ్రంగి మేస్త్రిని మోసుకొచ్చారు. పనిలో ఉండగా కళ్లు తిరిగి పడిపోయాడట. అదే బ్యాచ్. నా జాబితాలో పేరు లేదు. ఫైలు తెరిచి చూస్తే అతని రికార్డు రెండు ముక్కలై ఉంది. వివరాలు రాసేచోట ఎవరో ఎంటర్ కొట్టారు. పేరూ నంబరూ పై లైనులో, బ్యాచ్ కింది లైనులో. గ్రెప్ ఒక్కో లైనునే విడిగా చూస్తుంది, ఆ రెండూ ఒకే మనిషివని దానికేం తెలుసు. బ్యాచ్ కనిపించిన ప్రతిచోటా పై లైను కూడా తెమ్మన్నాను. ఇలా తప్పిపోయినవాళ్లు మేస్త్రితో కలిపి పంతొమ్మిది మంది. ఆ రికార్డులన్నిటి చివరా టైపు చేసినవాళ్ల పొడి అక్షరాలున్నాయి. అవి నీవే.

"ఇతనెలా తప్పిపోయాడమ్మా?" అని డాక్టరుగారు అడిగారు. "టైపు చేసినావిడ లైన్లు విరగ్గొట్టిందండీ" అన్నాను. "ఎవరావిడ?" అన్నారు. నీ పేరు చెప్పేశాను. వార్డులో మళ్లీ చేరతానని నువ్వు పెట్టిన దరఖాస్తు ఆయన బల్ల మీదే ఉందని నాకు తెలుసు. నోరు జారిందని రాద్దామనుకున్నాను. జారలేదక్కా, తెలిసే అన్నాను.

రిసెప్షన్ వాళ్లు ఆ పంతొమ్మిది మందికీ ఫోన్లు చేస్తున్నారు. జాబితా దీనితో పెడుతున్నాను. నీకు గుర్తున్నదేమైనా ఉంటే చెప్పు. తిట్లు తర్వాత తిట్టు.

ఏ ముఖంతో సంతకం పెట్టాలో తెలియని
నీ చెల్లి

* * *

ఒసే పిచ్చుకా,

మీ బావని గుమ్మంలోనే నిలబెట్టి రాస్తున్నాను. ఎంటర్ కొట్టింది నేనే. ఆ వివరాల గడిలో రాసేకొద్దీ అక్షరాలు పక్కకి జరిగిపోయి కనిపించేవి కావు. రంపం మోతలో మేస్త్రికి ఫోన్ వినపడదు, వాళ్లావిడకి చెయ్యాలి. ఇలాంటివే రాసుకునేదాన్ని.

నువ్వు చేసినదానికి నాకు బాధ లేదని అబద్ధం రాయను. చాలా బాధగా ఉంది. అది తర్వాత చూసుకుందాం. ముందు ఇది చెప్పు, కుట్టుపని నేర్పే టీచరమ్మ నీ జాబితాలో ఏది? మేస్త్రికి పెట్టిన రోజే ఆవిడకీ పెట్టారు, పక్క మంచమే. ఆవిడకి చెవులు వినపడవు, ఫోన్ చేయవద్దు, మనిషిని పంపాలని పెద్ద చేట భారతం రాశాను. మూడు లైన్లయి ఉంటుంది. నువ్వు ఒక్క పై లైనేగా తెమ్మన్నది. మూడు ముక్కలైనవాళ్లు ఎలా చిక్కుతారే?

ఆవిడ ఇల్లెక్కడో మీ బావకి చెప్పాను. నువ్వూ వ్యాను ఎక్కు.

అక్క

* * *

అక్కా,

రెండు రోజులకి గానీ రాయడానికి తీరిక దొరకలేదు.

టీచరమ్మ ఇంటి తలుపు ఎంత కొట్టినా పలకలేదు. చెవులు వినపడవని తెలిసినా నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. బావ కిటికీలోంచి తొంగిచూసి, "మిషను తొక్కుతోంది" అన్నాడు. ఇద్దరం చేతులూపితే వచ్చి తలుపు తీసింది. కాగితం మీద రాసి చూపించాను. "పది రోజుల్నుంచీ మెట్లెక్కితే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయమ్మా. వయసైపోయిందిలే అని ఊరుకున్నా" అంది. ఆ సాయంత్రమే కొత్తది అమర్చారు. మేస్త్రి కూడా లేచి తిరుగుతున్నాడు.

తర్వాత డాక్టరుగారి గదికెళ్లాను. రిసెప్షన్ ఆవిడ అక్కడే ఉంది. ఉంటే ఉండనీ అనుకున్నాను. "లైన్లు విరిగింది అక్క చేతిలోనేనండీ. విరిగాయేమో చూసుకోవాల్సింది నేను. ఆ బ్యాచ్ నంబరు ఫైల్లో మొత్తం ఎన్నిసార్లుందో లెక్కపెట్టి ఉంటే మొదటిరోజే తెలిసేది. నూట ముప్పై రెండుసార్లు. నేనిచ్చిన పేర్లు నూట పన్నెండు. ఆ ఆఖరి ఆవిడ దొరికింది అక్క గుర్తుపెట్టుకోబట్టే" అన్నాను.

"ఆ మాట మొన్ననే అనుండాల్సింది" అన్నారాయన. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆరు నెలలు ఆపేశారు. ఇక మీదట నేను తీసిన ప్రతి జాబితానూ రోగులను ఎరిగిన మనిషి ఒకరు చదివి సంతకం పెట్టాలట. నీ దరఖాస్తు తీసి, "ఆవిడ ఒప్పుకుంటుందా?" అని నన్నడిగారు. "నేను చెప్పలేనండీ, మీరే అడగండి" అన్నాను.

ఆయన ఫోన్ చేస్తారు. నామీద కోపంతో మాత్రం కాదనకు. నాతో మాట్లాడకపోయినా సరే, నా జాబితాలో తప్పుంటే కొట్టేయడానికి నువ్వు పక్కన ఉండాలి. ఆదివారం పొద్దున్నే మీ ఇంటికొస్తున్నాను. ఏం మాట్లాడాలో ఇప్పటికీ తెలియదు. నువ్వు తలుపు తీసేదాకా మెట్ల మీదే కూర్చుంటాను.

పిచ్చుక