సూర్యుడి మీద దిష్టిచుక్క

11 మే 2004, మంగళవారం

ఎండ. గాలి లేదు. ఫస్ట్ షిఫ్టు. భిలాయి స్టీల్ ప్లాంట్ రైల్ మిల్లులో క్రేన్ క్యాబిన్‌లో కూర్చుంటే, కింద ఎర్రగా కాలిన రైలు పట్టా పోయినప్పుడల్లా మోకాళ్ళకి సెగ తగిలింది. మధ్యాహ్నం దిగి ఇంటికొచ్చి, కూలర్‌లో నీళ్ళు పోసి, మా ఆవిడ డైసీ పెట్టిన మజ్జిగన్నం తిన్నాను. పడుకోకుండా ఎబెన్ షాపుకి వెళ్ళాను.

ఎబెన్ మా చర్చి కుర్రాడు. సెక్టర్ 4 మార్కెట్లో ఇంటర్నెట్ షాపు పెట్టాడు. నాకు మూల కంప్యూటర్ ఇస్తాడు. అది స్లో. బొమ్మ పైనుంచి కిందికి తెర దించినట్టు దిగుతుంది. నాకేం తొందర లేదు.

ఇవాళ దొరికినవి రెండు. ఆక్టోపస్‌కి మూడు గుండెలు. శుక్రగ్రహం మీద ఒక రోజు, అక్కడి ఏడాది కంటే పొడవు.

సాయంత్రం మెట్ల మీద పక్క క్వార్టర్ అప్పలసూరి అన్నకి చెప్పాను. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ముప్ఫై ఏళ్ళు దాటిన మనిషి. వచ్చే నెలాఖరుకి రిటైర్మెంట్. బీడీ పీలుస్తూ అంతా విని, మూడు గుండెలుంటే ఏటి లాభం, పెళ్ళాం ఒకర్తే కదా అన్నాడు. బీడీ బూడిద రాల్చి, శుక్రుడి మీద నైట్ షిఫ్టు పడినోడి గతేటి తమ్ముడూ అన్నాడు. నూకాలమ్మ వదిన లోపల్నుంచే, ఆ షిఫ్టుకి నిన్నే ఎయ్యమంటానుండు అంది.

మంచి రోజు.

14 మే

చూసింది ఎవరికీ చెప్పకపోతే చూసినట్టే ఉండదు. ఎందుకో తెలియదు.

18 మే, మంగళవారం

పెద్దది దొరికింది. జూన్ 8న శుక్రుడు సూర్యుడి ముందు నుంచి నడిచి వెళ్తాడు. పొద్దున్న పదకొండు కాకముందు మొదలై సాయంత్రం ఐదు లోపు అయిపోతుంది. నల్లటి చుక్కలా కనిపిస్తాడు. ఇంతకు ముందు జరిగింది 1882లో. అంటే ఇప్పుడు బతికున్న ఏ మనిషీ దీన్ని చూడలేదు. మన ఊళ్ళోంచి మొత్తం కనిపిస్తుంది.

ఒక పేజీ చూసి నమ్మలేదు. ఐదారు చూశాను. కారణం ఉంది. పోయిన ఆగస్టులో అంగారకుడు పున్నమి చందమామంత కనిపిస్తాడని ఒక మెయిల్ వస్తే, నమ్మి వీధినంతా డాబాలెక్కించాను. కనిపించింది ఎర్రటి చుక్క. అప్పటినుంచి, అన్న తప్ప, పాలవాడితో సహా అందరూ నన్ను మంగళ్ భయ్యా అంటారు. హిందీలో మంగళ్ అంటే అంగారకుడే.

అన్నకి చెప్పాను. ఈసారి ఎంత కనిపిస్తాడు, గుమ్మడికాయంతా అని అడిగాడు. చుక్కంతే అన్నాను. అయితే నిజమే అయ్యుంటాది అన్నాడు. లోపలికెళ్ళి నీలం అద్దం తెచ్చాడు. ఫర్నేస్‌లోకి చూడటానికి వాళ్ళకిచ్చే అద్దం అది, చెక్క పిడితో. సూర్యగ్రహణం వస్తే మా వీధి మొత్తం దానితోనే చూస్తుంది. తొంభై ఐదులోనూ అంతే. ఫర్నేస్‌వాళ్ళందరి అద్దాలూ నాను తెస్తాను, నువ్వు వీధికి చెప్పు అన్నాడు.

చెప్పాను. నవ్వారు, కానీ తేదీ అడిగారు.

24 మే, సోమవారం

నలభై ఐదు డిగ్రీలట. అన్న మనవరాలు అమ్ము రాయ్‌పూర్ నుంచి సెలవులకొచ్చింది. ఆరేళ్ళు. తాత ఒక నీలం అద్దానికి పురికొస కట్టి దాని మెడలో వేశాడు. కూలర్నీ, పిల్లినీ, వాళ్ళమ్మమ్మనీ అన్నిటినీ అందులోంచే చూస్తోంది. శుక్కుడు ఏ బండికి వస్తాడని నన్నడిగింది. తాత సంచీలో ఇప్పటికే బోలెడు అద్దాలున్నాయి. రిటైరయ్యే లోపల వీధికి నా తరపున ఇదొక పండగ అన్నాడు.

నాకు చాలా సంతోషంగా ఉంది. ఊరికే రాస్తున్నాను.

28 మే, శుక్రవారం

ఫర్నేస్ అద్దం పనికిరాదు.

సూర్యుణ్ణి దేంతో చూడాలి, దేంతో చూడకూడదు అని ఒక పేజీ. చూడకూడని వాటిలో అదీ ఉంది. మా అమ్మాయి జెన్నీని షాపుకి పిలిపించి చదివించాను. నాకు తప్పు అర్థమైందేమోనని. అదీ అదే చెప్పింది. పప్పా, నీలం రంగు వెలుగుని తగ్గిస్తుంది, లోపలి గర్మీని, అదే వేడిని, అలాగే పోనిస్తుంది, ఆంఖ్ వెనక కాలుతుంది అంది. కంటి వెనక నొప్పి తెలియదట. తెల్లారి లేచాక తెలుస్తుందట.

వెల్డింగ్ అద్దం అయితే పద్నాలుగో నంబరు వాడొచ్చట. అంతకు తక్కువది కాదు.

ఎబెన్ ప్రింట్ తీసిచ్చాడు. ఇంటికి నడిచేటప్పుడు అమ్ము మెడలో పురికొసే కళ్ళ ముందుంది.

29 మే, శనివారం

చెప్పాను. అన్న కాయితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు, తిరిగి నా చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళు ఈ అద్దంలోంచే కరిగిన ఇనుము సూసినాను, నా కళ్ళేటైనా రాలిపోయినాయేటి అన్నాడు. సూర్యుడు వేరు అన్నాను. మా ఫర్నేస్ కంటే వేడేటి అన్నాడు. ఐదు వేల ఐదు వందల డిగ్రీలు, మీ ఇనుముకి మూడు రెట్ల పైన అన్నాను. ఎవుడు ఎక్కి కొలిసినాడు అన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మంగళ్ భయ్యా మాట నమ్మి గుంట మెడలో అద్దం లాగి ఏడిపించమంటావా అని లేచి లోపలికి వెళ్ళాడు. ఆ పేరు ఆయన నోటినుంచి ఎప్పుడూ వినలేదు.

30 మే, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి అమ్ము పెరట్లో తలెత్తి నీలం అద్దంలోంచి సూర్యుణ్ణి చూస్తోంది. చెయ్యి పట్టుకుని లాగాను. ఏడ్చింది. వదిన వచ్చి పిల్లని ఎత్తుకుని పోయింది. నాతో మాట్లాడలేదు.

31 మే

అన్న అప్పటికే వీధంతా నీలం అద్దాలు పంచేశాడు. వాటితో చూడొద్దని ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. సరే సరే అన్నారు. అలా అన్నప్పుడు వినలేదని అర్థం. ఒకాయన, చూడమన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వే, ముందు నీలో నువ్వు మీటింగ్ పెట్టుకో అన్నాడు. న్యాయమే.

2 జూన్, బుధవారం

సెకండ్ షిఫ్టు. షిఫ్టుకి ముందు వెల్డింగ్ షాపులో సింహాద్రి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు వాడేవి పది, పదకొండు నంబర్లు. పద్నాలుగెందుకురా, సూర్యుడికి వెల్డింగ్ చేస్తావేటి అన్నాడు. చూస్తానంతే అన్నాను. వెతికి వెతికి కాయితం చుట్టిన అద్దం ఒకటి తీశాడు. కొత్తది. మూలన 14 అని ఉంది. తొమ్మిదో తారీఖుకి తిరిగివ్వాలి.

కంటికి అడ్డం పెట్టుకుంటే షాపులో బల్బులు కూడా కనిపించలేదు. ఒక్కటే అద్దం. వీధి మొత్తానికి.

డైసీకి చూపించి, ఇదైనా ఆయన నమ్ముతాడా అన్నాను. మీరు ఆయనకి కాయితం చూపించారు అంది. ఫర్నేస్ మనిషికి కాయితం ఎందుకండీ, వేడి చూపించండి అంది.

పడుకున్నాక కూడా అదే ఆలోచించాను.

4 జూన్, శుక్రవారం

మా నాన్న బైబిలు చదువుకోవడానికి వాడిన భూతద్దం ఉంది, పెద్దది. ఇవాళ నాకు ఆఫ్, మధ్యాహ్నం దాన్ని పట్టుకుని పెరట్లో అన్న ముందు కూర్చున్నాను. ఒక బీడీ ఇమ్మన్నాను. నేను తాగనని ఆయనకి తెలుసు. అయినా ఇచ్చాడు.

నీలం అద్దం అడిగాను. దాన్ని భూతద్దం మీద పెట్టి ఎండని బీడీ కొస మీదికి దించాను. చుక్క నీలంగా పడింది, చూడ్డానికి చల్లగా ఉంది. చాలాసేపు ఏమీ కాలేదు. అన్న మొహంలో నవ్వు మొదలవుతుండగా బీడీ కొసన సన్నగా పొగ లేచింది. తర్వాత ఎర్రబడింది.

రెండో బీడీ. ఈసారి పద్నాలుగో నంబరు. అంతసేపూ కూర్చున్నాం. అంతకు రెండింతలు కూర్చున్నాం. బీడీ అలాగే ఉంది.

అన్న అద్దాలు నా చేతిలోంచి లాక్కుని తనే మళ్ళీ చేశాడు. మళ్ళీ ఇంకోసారి. వదిన వచ్చి, ఉన్న బీడీలన్నీ సూర్యుడే తాగేస్తే నీకేటి మిగుల్తాదంది. ఐదు రోజుల తర్వాత ఆమె మాట విన్నాను.

ఆయన లేచి అమ్ము మెడలో పురికొస తీశాడు. పిల్ల ఏడవలేదు, తాత మొహం చూసి. పంచిపెట్టిన అద్దాలు అడగడానికి వీధిలోకి బయలుదేరాడు. ఆయన అడిగితే ఇచ్చేశారు.

సంచీ మూతి కడుతూ ఒక మాట అడిగాడు. అయితే తమ్ముడూ, ఇన్నేళ్ళు ఈ అద్దం నా కంటికి ఏటి ఆపినట్టు? తన కుడి కన్ను రెండేళ్ళుగా మంచు పట్టినట్టుందని, మెడికల్ చెకప్‌లో అన్‌ఫిట్ అంటారని ఎవరికీ చెప్పలేదని అన్నాడు. రిటైరయ్యాక ఆపరేషన్ చేయించుకుంటాడట. ఎడమది కూడా అంత బాగోలేదట.

7 జూన్, సోమవారం

సాయంత్రం మబ్బు. రేపటికి షిఫ్టు మార్చుకున్నాను. మబ్బు ఉంటే ఇక ఈ వీధిలో నా మాట ఎవరూ వినరు. వినకపోనీ. అద్దాలైతే సంచీలో ఉన్నాయి.

8 జూన్, మంగళవారం

10.30. మబ్బు. వీధి వీధంతా బయటే ఉంది. పాలవాడు సైకిలు స్టాండ్ వేసి నిలబడి, మంగళ్ భయ్యా, ఈసారి చుక్క కూడా లేదే అని హిందీలో అన్నాడు.

12.00. మబ్బు. కొంతమంది అన్నాలకి వెళ్ళారు. డైసీ నన్నూ రమ్మంది. వెళ్ళలేదు.

1.20. మబ్బు చిరిగింది.

అద్దం ఎత్తి చూశాను. పచ్చటి గుండ్రం. మొదట ఏమీ లేదు. తర్వాత ఉంది. కింది వైపున నల్లటి చుక్క, మేకు తలంత, చుట్టూ గీసినట్టు స్పష్టంగా. కదలడం లేదు. అద్దం అన్న చేతిలో పెట్టాను. ముందు పిల్లలు అన్నాడు.

ఆ తర్వాత వీధి ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది. ఫర్నేస్ దగ్గర మనుషుల్ని నిలబెట్టినట్టు వరస నిలబెట్టాడు. అద్దం కంటికి ఆనిన తర్వాతే తల ఎత్తాలి, తల దించాకే అద్దం తీయాలి. తప్పితే వరస చివరికి. సెక్టర్లో ఒక ఆఫీసరు గారబ్బాయి వరస తప్పితే అతన్నీ వెనక్కి పంపాడు. అమ్ము చూసి, శుక్కుడు ఇంత చిన్నోడా అంది. పాలవాడు చూసి మళ్ళీ వరస చివర నిలబడ్డాడు. వదిన చాలాసేపు చూసింది. సూరీడికి ఎవరో దిష్టిచుక్క పెట్టినారు అంది. ఆ మాట వీధి చివరిదాకా పాకింది. తర్వాత వచ్చినవాళ్ళందరూ దిష్టిచుక్క చూపించమనే అడిగారు.

మూడింటికి అందరూ చూశాక, అన్న వంతు. కుడి కంటితో చూశాడు. ఎడమ కంటితో చూశాడు. బాగుంది అన్నాడు. ఎక్కడుంది అని అడిగాను, మెల్లగా. అద్దం దించి, అందరూ సూసినారు కదా, అది సాల్లే అన్నాడు.

జెన్నీ అది విన్నది. ఇంట్లోకి పరుగెత్తి నేను గడ్డం గీసుకునే అద్దం తెచ్చింది. దాని మీద నల్ల కాయితం అంటించి మధ్యలో చిన్న బెజ్జం పెట్టింది. నెట్‌లో చూశానంది. నాకు చెప్పకుండా అదీ ఎబెన్ షాపులో కూర్చుంటోందన్నమాట. అన్న ఇంటి కిటికీలు దుప్పట్లతో మూసి, పెరటి చివర స్టూలు మీద అద్దం పెట్టి, తలుపులోంచి వెలుగుని లోపలి గోడ మీదికి తిప్పింది.

చీకటి గదిలో, తెల్ల సున్నం మీద, ఇడ్లీ ప్లేటంత సూర్యుడు. ఒక పక్కన బూడిద రంగు చుక్క.

అన్న గోడకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళాడు. వేలు పెట్టి, ఇదేనా అన్నాడు. వేలు నీడలో చుక్క పోయింది. తీశాడు. మళ్ళీ వచ్చింది. వదిన్ని పిలిచాడు, నీ దిష్టిచుక్క నా గోడ మీదుందే అన్నాడు. సూర్యుడు గోడ మీద నిలవడు, పాకుతూ ఉంటాడు. జెన్నీ దగ్గర పెన్సిల్ తీసుకుని, వెలుగు కదలక ముందే అన్న గుండ్రం గీశాడు. లోపల చుక్క పెట్టాడు. అప్పటికే వెలుగు పక్కకి జరిగింది. గీత అక్కడే ఉంది.

ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. తర్వాత ఆయన, తమ్ముడూ, రేపేటి సెప్తావు అన్నాడు.

9 జూన్

అద్దం సింహాద్రికి ఇచ్చేశాను. నిన్న ఆయన కూడా చూసుంటే బాగుండేదట, డ్యూటీలో ఉండిపోయాడు. మళ్ళీ 2012లో ఉందని చెప్పాను. అయితే ఇది నా దగ్గరే ఉంచుతానన్నాడు.

పాలవాడు ఇవాళ నన్ను శుక్ర్ భయ్యా అన్నాడు.

30 జూన్, బుధవారం

తొలకరి పడింది. అన్న రిటైర్మెంట్. దండ, స్వీట్లు, గోడ గడియారం. పక్కనే భిలాయి-3లో ఇల్లు కట్టుకున్నాడు, ఇక అక్కడికే. సైకిలు మీద వెళ్ళొచ్చు. కంటి ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు.

3 జూలై, శనివారం

వాన. ఖాళీ క్వార్టర్లో పెన్సిల్ సూర్యుడి కింద, సున్నం వేసేవాళ్ళ కోసం అన్న హిందీలో రాశాడు: ఇది మరక కాదు.

అమ్ము నిన్న సాయంత్రం వెళ్ళింది. అన్న, వదిన ఇవాళ పొద్దున్న తొమ్మిదికి.