వంతెన మీద కర్ర చప్పుడు

అమ్మకు,

నీ కూతురు కినుయే నమస్కరించి రాసేది. నిన్న సాయంత్రం ఇల్లు చేరాం. ముగ్గురం కులాసా. నాన్న దగ్గు తగ్గిందనీ, ఎండుచేపల హడావిడిలో నువ్వు తిండి మానడం లేదనీ తలుస్తాను.

నీ ఉత్తరం మేం బయల్దేరే పూటే అందింది. దారిలో నాలుగైదుసార్లు చదువుకున్నాను. వేలు కాలిన చోట ఇప్పుడు మచ్చ కూడా లేదు. అత్తగారు నా ముల్లంగి ఊరగాయకి ఇంకా వంకలు పెడుతూనే ఉన్నారు, గిన్నె మాత్రం ఖాళీ చేస్తున్నారు. నువ్వు ప్రతిసారీ చివర్లో అడిగే మాటకి జవాబు ఇంకా లేదమ్మా. ఉన్న రోజు ముందు నీకే రాస్తాను.

అల్లుడి కాలు ఎలా ఉందన్నావు. ఎముక అతికింది, కుంటడం లేదు. బాగుపడనిది వేరే ఉంది. కిందటి వరదల్లో కాలికింద పలకలు జారి, వంతెన మీంచి ఏట్లో పడ్డాక ఆయన మళ్ళీ ఏ వంతెనా ఎక్కలేదు. కాలు పెట్టబోయి వెనక్కి తిరిగేస్తారు. అవతలి ఒడ్డున పనుంటే, చలికాలంలో కూడా, పంట్లాం మడిచి నీళ్ళలో దిగి వెళ్ళేవారు. చేపలు చూడ్డానికి దిగానని చెప్పేవారు. చివరికి ఆయనకి పనిచ్చే కొందో మేస్త్రి ఇంటికొచ్చి, మే నెలాఖరుకి పనిలోకి రాకపోతే ఆయన చోట ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నారు. "వంతెన ఎక్కనివాడు వంతెనల వడ్రంగి ఎట్లా అవుతాడ్రా?" అని అడిగారు. మీ అల్లుడు తల వంచుకుని చాప కొస పీకుతూ కూర్చున్నారు. చిన్నప్పటి నుంచీ ఆ పని తప్ప ఇంకోటి ఎరగని మనిషి.

అందుకే ఈ ప్రయాణం. పైకి ఇది షికోకు దీవిలో దైషి స్వామి గుళ్ళ యాత్ర. తెల్లబట్టలు కట్టుకుని, గడ్డిటోపీ పెట్టుకుని గుళ్ళన్నీ చూడ్డానికి మనకి రోజులెక్కడివి? దారిలో వంతెనలున్న చోట్లే అత్తగారు ఏరారు. పేరుకి దేవుడు, పనికి వంతెన.

ముందు ఇయా లోయకి వెళ్ళాం. అక్కడ అడవి తీగలు అల్లి వంతెన కడతారు. కాలికింద కట్టెల మధ్య అడుగడుక్కీ సందే, సందులోంచి నది కనిపిస్తుంది. ఆయన ఒడ్డున స్తంభం పట్టుకుని నిలబడిపోయారు. కట్టెలమోపుతో వస్తున్న ఒకావిడ ఆయన్ని తప్పించుకు పోతూ, "పట్నం అబ్బాయిగారికి పల్లకీ తెప్పించమంటారా?" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తిరిగొచ్చి టీ బడ్డీలో వంతెనకి వీపు పెట్టి కూర్చున్నారు.

తర్వాత ఓజు ఊరు. అక్కడ దైషి స్వామి పూర్వం ఎవరూ చోటివ్వక వంతెన కింద రాత్రి గడిపారట. ఆ ఒక్క రాత్రీ పది రాత్రుల్లా గడిచిందట. ఇప్పటికీ కింద ఆయన బొమ్మకి దుప్పట్లు కప్పుతారు. అందుకే యాత్రికులు ఏ వంతెన మీదా తమ చేతికర్ర ఆనించరు, కింద స్వామి నిద్ర చెడుతుందని. ఇందులో అత్తగారు ఎంత పట్టుదలో నీకు తెలియదు. ఆ కర్రే స్వామి రూపమని, సత్రంలో కూడా ముందు కర్ర కాళ్ళు కడగాలి, తర్వాతే మన కాళ్ళు. ఒక కాలవ వంతెన మీద నా కర్ర కొస తగిలిందని ఊరు దాటేదాకా సణిగారు.

దుప్పట్లు మార్చే ముసలమ్మతో అత్తగారు మా బాధ చెప్పుకున్నారు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, "స్వామి మాత్రం పైనెక్కి పడుకున్నాడా నాయనా? కిందే పడుకున్నాడు. పిరికివాడని ఆయన్నెవరూ అన్లేదే" అంది. ఎన్ని నెలలకో ఆయన నవ్వారు. నాకు మాత్రం దిగులు పెరిగింది. నవ్వితే సరా, నెలాఖరు వచ్చేస్తోంది.

ఇక మిగిలింది ఇవాకుని ఊరి వంతెన ఒక్కటే. పడవలో సముద్రం దాటి అక్కడికి చేరాం. ఆ అయిదు కమాన్ల వంతెనని అయిదేళ్ళ కిందట తుఫాను కొట్టుకుపోతే, రెండేళ్ళయింది మళ్ళీ కట్టి. ఆయన ముందు ఏటి ఒడ్డున రాళ్ళ మీద నిలబడి, కింద నుంచి ఆ దూలాలూ కీళ్ళూ చాలాసేపు చూశారు. ఆ ధ్యాసలోనే వంతెన మీదికి నడిచారు. మేం కర్రలు ఎత్తి పట్టుకుని వెనక నడిచాం. రెండో కమాను నెత్తికి వచ్చేసరికి నీళ్ళు కంటబడ్డాయి. పక్కనున్న కొయ్య కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. వెనక బడిపిల్లలు వరసగా వచ్చి ఆగిపోయారు.

ఇక్కడి నుంచి నాన్నకి చదివి వినిపించకమ్మా. నలుగురిలో ఆయన పక్కన కూడా నడవని దాన్ని, నేను ఆయన ముందుకెళ్ళాను. ఎందుకు తోచిందో, కర్రెత్తి ఆయన కాళ్ళ ముందున్న పలక మీద గట్టిగా కొట్టాను.

కళ్ళు తెరవలేదు కానీ ఆయన మొహం మారింది. ఇంట్లో చెక్క ఎంచేటప్పుడు మేకుసుత్తితో తట్టి చెవి పెడతారు చూడు, ఆ మొహం.

"ఇంకోసారి," అన్నారు.

కొట్టాను.

"హినోకి చెక్క. గట్టిగా ఉంది." ఒక అడుగు వేశారు. "తర్వాతది."

అలా నేను కొడుతూ వెనక్కి నడుస్తున్నాను, ఆయన వింటూ ముందుకి. ఒక పిల్ల, "అక్కా, కర్ర కొట్టకూడదు, స్వామి లేస్తారు" అంది. నా కర్ర గాల్లోనే ఆగింది. అత్తగారి మొహం చూడలేకపోయాను.

"లేస్తే లేవనీ," అన్నారు అత్తగారు వెనక నుంచి. "పొద్దెక్కింది." అంటూ తన కర్ర కూడా పలక మీద వేశారు.

నాలుగో కమాను మీద ఆయన కళ్ళు తెరిచారు. ఒక పలక బిగింపు తనకి నచ్చలేదన్నారు. అవతల దిగాక మెట్టు మీద కూలబడి అన్నం ముద్దలు నావి కూడా తినేశారు. తిరిగి స్టేషనుకి పోవాలంటే మళ్ళీ అదే వంతెన. ఎలాగా అని నేను చెప్పులు సర్దుకునే లోపల ఆయన మొదటి కమాను దాటేశారు. మా కోసం ఆగను కూడా లేదు. అంత సంతోషంలో కూడా అత్తగారు, "వాళ్ళ నాన్నా ఇంతే, పెళ్ళాన్ని మర్చిపోయే రకం" అన్నారు.

చేసింది తప్పే అయితే మన ఊరి గుళ్ళో స్వామికి నా తరఫున ఒక దీపం పెట్టు. అత్తగారి పేరున ఇంకోటి. నేను రాశానని ఆవిడకి తెలియకూడదు.

ఈ పొద్దున ఆయన పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని కొందో మేస్త్రి దగ్గరికి వెళ్ళారు. మధ్యాహ్నం అటువైపు నుంచి వచ్చిన కూరగాయలామె, మీవాడు ఏటి నడుమ దూలం మీద కూర్చుని మేకులు కొడుతున్నాడని చెప్పింది. నేను పొయ్యి దగ్గరే కూర్చుండిపోయాను. అత్తగారు కళ్ళు తుడుచుకుని, నాకేసి చూడకుండా, "వంతెన పనికెళ్ళినవాడికి ఆకలెక్కువ. ఇంకో గుప్పెడు బియ్యం పోయ్" అన్నారు.

రెండు గుప్పెళ్ళు పోశాను.

ఇట్లు,
నీ కూతురు
కినుయే