పదిహేడో అంకె

మామయ్యా,

చేతిలో కాఫీ ఉంటే ముందు కింద పెట్టు. నీ ఆరువందల పన్నెండు లైన్ల కోడ్‌ని నా కాపీలోంచి పీకేశాను.

దర్జీలు ఉచితంగా వాడుకునే మన కొలతల ప్రోగ్రాంలో, దశాంశ సంఖ్యలు చదవడానికి నువ్వు సొంతంగా రాసుకున్నావు చూడు, అదే. అప్పట్లో ఒక్కో కంప్యూటర్ ఒక్కోలా చదివేదట. ఇప్పుడు ఆ పనంతా కంప్యూటర్ భాషతోపాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ ఒక్క లైన్లో చేసేస్తోంది.

ప్రోగ్రాం జవాబులు సరిచూడ్డానికి నువ్వు రాసిన పరీక్షలన్నీ పాసయ్యాయి, ఒక్కటి తప్ప. పొద్దుటినుంచి తల బద్దలు కొట్టుకుని, చివరికి కాగితం మీద లెక్క వేస్తే లైబ్రరీదే ఒప్పు. పదిహేడో అంకె దగ్గర నీదే తప్పు. ఆ తప్పు జవాబునే సరైనదని పరీక్షలో రాసిపెట్టావు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు! ఇన్నేళ్లుగా ఒప్పు చెప్పినవాళ్లే ఫెయిలవుతున్నారు. నేను పడీపడీ నవ్వుతుంటే పక్క బల్ల ఆవిడ, "ఏమ్మా, బాగానే ఉన్నావా?" అంటూ మంచినీళ్లు తెచ్చిచ్చింది.

అప్పుడు చూశాను, నీ కోడ్ నెత్తిన నువ్వు రాసుకున్న మాటలు: "ఆసుపత్రి వరండాలో రాస్తున్నా. ఇప్పుడే మేనకోడలు పుట్టింది. చివరి అంకె రేపు చూడాలి."

అంటే తప్పు నాదేనన్నమాట.

రాసినవాళ్లు ఒప్పుకోనిదే అసలు ప్రోగ్రాంలోంచి వాళ్ల కోడ్ తీయకూడదని నియమం పెట్టింది నువ్వే. కాబట్టి మారాం చెయ్యకుండా సరేనని నొక్కు. ఆ మూడు ముక్కలు మాత్రం నేను తీయలేదు. వాటి కింద ఇంకొకటి చేర్చాను:

"చూశాను మామయ్యా. ఇట్లు, మేనకోడలు."