కర్టెన్ గుడ్డ, రెండు పొట్లాలు

అక్కా,

కర్టెన్లు కుట్టావా లేదా అని నాలుగోసారి కబురు పెట్టావు. అందరి బట్టలూ కుట్టేదాన్ని, సొంత అక్క గుడ్డ మింగేస్తానా? అది భద్రంగా మా మేడమీదే ఉంది.

ఈ ఎండలకి నా కాప్సికం పూత పూసినట్టే పూసి రాలిపోయింది. నీ తెల్ల నెట్ గుడ్డ నాలుగు కర్రలకి కట్టి నీడ చేశానో లేదో, పిందెలు నిలిచాయి. ఒక ముక్క కత్తిరించి చిన్న సంచులు కుట్టి, విత్తనానికి ఎంచిన మొగ్గలకి తొడిగాను. పక్కనే పచ్చిమిర్చి మొక్కలున్నాయి కదా! తేనెటీగ అటూ ఇటూ వాలిందంటే, ఆ గింజతో మొలిచే కాప్సికం నోరు మండిస్తుంది. "నా చొక్కాకి గుండీ కుట్టే తీరిక లేదు గానీ పువ్వులకి గౌన్లా!" అని మీ మరిది సణుగుడు.

కాయలు ఎర్రగా పండాక గింజలు తీసి ఆరబెట్టాను. ఈ కవరులో రెండు పొట్లాలున్నాయి. ఒకటి సంచి తొడిగిన కాయది, ఇంకోటి తేనెటీగలకి వదిలేసినది. ఏది ఏదో పైన రాయలేదు. మీ అత్తగారికి తియ్యటి కాప్సికం పెంచి పెడతానని మాటిచ్చావట. కారం తగిలితే ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తారు కూడానూ.

వానలు పడ్డాక కర్టెన్లు పంపుతూ, తియ్యనిదేదో చెబుతాను. ఈలోగా ఐదో కబురు వస్తే మాత్రం, నా మతిమరుపు సంగతి నీకు తెలుసుగా.

నీ చెల్లెలు

తా.క. ఒక కర్టెన్ మోకాళ్ళ దాకానే వస్తుంది.